గడప, కందెన, రహదారి: మన ఊళ్ల మీదుగా ట్రాన్సిట్ వీసా కథ

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, దుబాయ్‌లో పది గంటల లేఓవర్ పడింది. వీసా లేకుండా బయటికి పోయి ఊరు చూసి రావొచ్చా?" ఇంకొకరు సింగపూర్ గురించి, మరొకరు చైనా గురించి. ఈ ఎపిసోడ్‌లో జవాబు చెప్తాను. కానీ ఇది హిస్టరీ ఛానెల్ కదా, నేరుగా చెప్తే మీరు నన్ను నమ్మరు. కాబట్టి ముందు కడప, కర్నూలు మీదుగా ఒక రెండు వందల ఏళ్లు నడిచి, తర్వాత ఎయిర్‌పోర్టులోకి పోదాం.

మొదట ఊరి పేర్లు చూడండి. కడప అంటే గడప. తిరుమల కొండకు పోయేవాళ్లు ముందు దేవుని కడపలో స్వామిని దర్శించుకుని, ఆ గడప దాటి కొండకు పోవాలని మన పెద్దోళ్లు చెప్తారు. కర్నూలు పాత పేరేమో కందెనవోలు. ఆలంపురం గుడికి రాళ్లు మోసుకుపోయే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకునేవట. కథలో నిజమెంతో పక్కన పెట్టండి. ఒక ఊరికి గడప అని పేరు, ఇంకో ఊరికి బండి చక్రానికి పూసే కందెన పేరు. రెండూ దాటిపోయేవాళ్లు పెట్టిన పేర్లే. ఎక్కడికో పోతూ మధ్యలో కాసేపు ఆగే చోట్లు. ఇప్పటి భాషలో స్టాపోవర్.

దీనికి మనకు అసలైన మాట ఉంది: మజిలీ. సినిమా గుర్తొచ్చి ఉంటుంది. అంతకంటే చాలా ముందే మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీ మజిలీ కథలు' రాశారు. కాశీకి నడిచిపోతూ ఒక్కో మజిలీలో ఒక్కో కథ. మజిలీ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. దాని జంట మాట పారసీ నుంచి వచ్చింది. ఆ మాట మీరు రోజూ వాడుతున్నారు, అర్థం మారిపోయిందని తెలియకుండానే. అదే రహదారి.

ఇప్పుడు రహదారి అంటే రోడ్డు. జాతీయ రహదారి 44, జాతీయ రహదారి 40. కానీ పారసీలో 'రాహ్' అంటే దారి, 'రాహ్‌దార్' అంటే దారిని కాపలా కాసేవాడు. వాడు చేసే పని, దానికి వాడు వసూలు చేసే డబ్బు, డబ్బు కట్టాక ఇచ్చే చీటీ, అన్నీ కలిపి రాహ్‌దారీ. అంటే మొగలాయిల కాలంలో రహదారి అంటే రోడ్డు కాదు, రోడ్డు మీద పోనిచ్చినందుకు కట్టే సుంకం. 'రహదారి చీటీ' అంటే పాస్‌పోర్టు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ మాటకు ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. మన కడపలో 1820లో ఉద్యోగంలో చేరి, తన బంగళాలోనే పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాలు సేకరించిన బ్రౌన్ దొర నిఘంటువు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతుంది. వీలున్నప్పుడు ఆ మాట కొట్టి చూడండి.

సుంకం పోయింది, చీటీ పోయింది, రోడ్డుకు మాత్రం ఆ పేరు మిగిలింది. టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ బీప్‌మన్నప్పుడల్లా ఆ పాత అర్థం ఒకసారి లేచి కూర్చుంటుందని నాకనిపిస్తుంది.

ఈ రహదారి వసూలు సామాన్యులకు ఎంత బరువయ్యిందంటే, ఔరంగజేబు తాను గద్దెనెక్కిన కొత్తలోనే దాన్ని రద్దు చేశాడు. ఫర్మానా ఢిల్లీలో రాస్తారు, వసూలు ఊరి పొలిమేరలో జరుగుతుంది. ఢిల్లీ బలం తగ్గేకొద్దీ కాగితం మీద పోయిన సుంకం దారి మీద అలాగే ఉండిపోయింది. మన సీమలో పాలెగాళ్లు దీన్ని కావలి అన్నారు. దారికి కాపలా ఉన్నాం కాబట్టి డబ్బు కట్టు. కట్టకపోతే? ఆ కాపలా ఎవరి నుంచో అప్పుడు తెలుస్తుంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు పడ్డ పెద్ద లెక్క ఇదే: దత్తమండలాల్లో 80 మంది పాలెగాళ్లు.

అయితే కర్నూలు కథ వేరు. చుట్టూ దత్తమండలాలు కంపెనీ చేతిలోకి వచ్చినా కర్నూలు మాత్రం నవాబు చేతిలోనే ఉండిపోయింది. ఏటా లక్ష రూపాయల పేష్కషు కంపెనీకి కట్టి ఆయన తన రాజ్యం తాను ఏలుకున్నాడు. అంటే మద్రాసు నుంచి ఉత్తరానికి పోయేవాడు కడప దాకా కంపెనీ నేల మీద, ఆ తర్వాత నవాబు నేల మీద, కృష్ణ దాటితే నిజాం నేల మీద నడవాలి. ఇప్పుడు మనం ఒక్క పూటలో కారేసుకుని పోయే దూరంలో మూడు ప్రభుత్వాలు. చెన్నై, దుబాయ్, లండన్ అనుకోండి.

అలా నిజంగా పోయినాయన ఒకరున్నారు. ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఇంగ్లీషు వచ్చు, డబ్బుంది, దొరల దగ్గర పరపతి ఉంది. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఉత్తరాలు రాస్తూ పోయాడు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చయ్యాయి. అప్పటికి ఆయన లేడు, 1836లోనే పోయాడు. ఒక రకంగా మన మొట్టమొదటి ట్రావెల్ వ్లాగర్. కెమెరా లేదంతే.

ఆయన దారి చూస్తే మన ఊళ్లే. తిరుపతి దాటి కడప, కడప నుంచి దువ్వూరు, అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం. దువ్వూరు వైపు పోయే ఆ దారిలో కొంత భాగం పక్కనే ఇప్పటి ఎన్‌హెచ్ 40 పోతుంది. వీరాస్వామికి అందమైన వర్ణనల మీద పెద్ద ఆసక్తి లేదు. ఏ ఊళ్లో బావి నీళ్లు బాగున్నాయి, ఎక్కడ సామాన్లు దొరుకుతాయి, దారి ఇసకా రాయా, ఎక్కడ ఎవరికి ఎంత కట్టాలి, ఇవే రాస్తాడు. అందుకే నాకు ఆయనంటే ఇష్టం. ఒక ఎయిర్‌పోర్టు రివ్యూ చదువుతున్నట్టు ఉంటుంది.

శ్రీశైలం దగ్గరికి వచ్చేసరికి ఆ పుస్తకంలో మనకు కావలసిన సంగతి వస్తుంది. కొండ నవాబు ఏలుబడిలో ఉంది. యాత్రికుల దగ్గర నవాబు మనుషులు హాసిలు, అంటే పన్ను, వసూలు చేస్తున్నారు. ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. కాశీకి పోయే మనిషికి కర్నూలు నవాబుతో ఏ పనీ లేదు. ఆయన ఊళ్లో ఇల్లు కట్టుకోడు, వ్యాపారం పెట్టుకోడు. వస్తాడు, దండం పెట్టుకుంటాడు, కృష్ణ దాటి పోతాడు. అయినా కట్టాలి, ఎందుకంటే దారి ఆయన నేల మీదుంది.

ట్రాన్సిట్ వీసా మొత్తం తత్వం ఇదే. నువ్వు నా దగ్గరికి రావడం లేదు, నా మీదుగా పోతున్నావు. అయినా సరే నా చీటీ చూపించు.

1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేశాడని కంపెనీ సైన్యం కర్నూలు మీదికి వచ్చింది. ఆయన్ను పట్టుకుని తిరుచిరాపల్లికి పంపేశారు. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. దాంతో కడప, కర్నూలు మధ్య ఉన్న సరిహద్దు పోయింది. తర్వాత 1844లో ఆరో నంబరు చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా లోపలి దారి సుంకాలను రద్దు చేశారు. ఆ ఏడాదిని మనం పెద్దగా గుర్తుపెట్టుకోము గానీ ఊరూరా సుంకం చావిడి దగ్గర ఆగుతూ పోయే బండివాడికి అది చిన్న విషయం కాదు. కంపెనీ ఏదో దయతో చేసిందనుకోకండి. ఇంగ్లండ్ మిల్లు బట్ట మన సంతలోకి అడ్డం లేకుండా రావాలంటే దారి ఖాళీగా ఉండాలి. వాళ్ల సరుకు కోసం దారి తెరిచారు, ఆ దారిలో మనమూ నడిచాం.

తమాషా ఏమిటంటే, నేల మీద సుంకం చావిళ్లు ఎత్తేసిన ఆ సామ్రాజ్యమే ఇంకో యాభై ఏళ్లకు సముద్రం మీద చావిళ్లు కట్టింది, మన కోసమే. దక్షిణాఫ్రికాలో నేటాల్ అనే బ్రిటిష్ వలస రాజ్యం 1860లో మద్రాసు నుంచి ఓడల్లో కూలీలను తెప్పించుకుంది. వాళ్లలో తెలుగువాళ్లు కూడా ఎంతోమంది. చెరకు తోటల్లో కూలీలుగా ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు. మన వ్యాపారులు కూడా అక్కడికి చేరాక కన్నెర్ర అయింది. 1897లో ఒక చట్టం తెచ్చారు: యూరప్ భాష ఒకటి రాయడం రాకపోతే లోపలికి రాకూడదు. మరి నేటాల్‌లో దిగి పక్కనున్న ట్రాన్స్‌వాల్‌కు పోవాలనుకునేవాడి సంగతి? వాడికో చీటీ. ఓడ మారడానికి వచ్చినవాడికో చీటీ. పౌండ్లలో డిపాజిట్ కట్టాలి, దాటిపోయాక తిరిగి తీసుకోవాలి. గాంధీ అక్కడ మనవాళ్ల తరఫున ఈ చీటీల మీద అర్జీలు పెట్టాడు. ఇప్పటి ట్రాన్సిట్ వీసాకు తాత అనదగిన కాగితాల్లో అదొకటి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పాస్‌పోర్టు లేకుండా ఎక్కడికీ పోలేని పరిస్థితి వచ్చింది. మన దేశంలో పాస్‌పోర్టు చట్టం 1920లో వచ్చింది. అదే ఏడాది పారిస్‌లో నానాజాతి సమితి ఆధ్వర్యంలో దేశాలన్నీ కూర్చుని ఒక సిఫారసు చేశాయి: మామూలు వీసాకు పది బంగారు ఫ్రాంకులకు మించి తీసుకోవద్దు, ట్రాన్సిట్ వీసాకు ఒక్క ఫ్రాంకే తీసుకోండి. పదో వంతు. దాటిపోయేవాడి మీద అందులో పదో వంతు హక్కు మాత్రమే ఉందని కనీసం ఒప్పుకున్నారు. ఆ మాటను ఎన్ని దేశాలు పాటించాయి అనేది వేరే ఎపిసోడ్.

ఇక మన సీమ నుంచి బయటికి పోదాం. పాత కడప జిల్లాలో రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి, పుల్లంపేట, చిట్వేలి వైపు వాళ్లకు కువైట్ అంటే పక్క తాలూకా. వాన లేని నేల, అడుగంటిన బోర్లు, అప్పులు. 1970ల్లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో పని పెరిగాక మన దగ్గర నుంచి డ్రైవర్లు, మేస్త్రీలు, ఇళ్లలో పనికి ఆడవాళ్లు బయలుదేరారు. కువైట్‌లో 1961 దాకా మన రూపాయే చెల్లేదని మీలో ఎంతమందికి తెలుసు? అంత దగ్గర సంబంధం.

అప్పట్లో గల్ఫ్‌కు మొదటి మజిలీ బొంబాయి. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు లైను, బొంబాయి లైను కలిశాక కడప స్టేషన్లో రైలెక్కితే నేరుగా బొంబాయిలో దిగొచ్చు. అక్కడ ఏజెంటు గదిలో పదిమందితో కలిసి పడుకుని, వీసా కాగితం ఎప్పుడొస్తుందా అని రోజులు, నెలలు ఎదురుచూడటం. విమానం డబ్బుల్లేని కాలంలో బొంబాయి నుంచి గల్ఫ్‌కు ఓడలుండేవి. కరాచీ, మస్కట్, దుబాయ్, ఒక్కో రేవులో ఆగుతూ పోయేవి. ఆ సర్వీసులో చివరి ఓడ 'ద్వారక' 1982 దాకా తిరిగింది.

పాస్‌పోర్టు మన హక్కు అయ్యింది కూడా ఆలస్యంగానే. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశాలకు పోవడం మనిషి స్వేచ్ఛలో భాగమని తేల్చింది. అంతకు ముందు అది సర్కారు ఇష్టమైతే ఇచ్చే కాగితం. ఆ తీర్పు వల్లే అదే ఏడాది పాస్‌పోర్టు చట్టం వచ్చింది. కానీ చదువుకోని కూలీకి అందులో ఒక ముడి మిగిలింది. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టుల్లో ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు పనికి పోవాలంటే వలసల సంరక్షకుడి అనుమతి తీసుకోవాలి. కాపాడటానికే పెట్టారు, అందులో సందేహం లేదు. అయితే ఆ ముడి తప్పించుకోవడానికి దొరికిన సందు ఏమిటో తెలుసా? మజిలీయే. ఆ సంగతి తర్వాత చెప్తా. ముందు 1990.

'ఎయిర్‌లిఫ్ట్' సినిమా చూసి ఉంటారు. అందులో హీరో ఒక్కడే అందరినీ మోసుకొస్తాడు. ఆ పాత్ర కల్పితం, అసలు కథలో చాలామంది ఉన్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులు చిక్కుకుపోయారు. కువైట్ నుంచి విమానాలు లేవు. బయటపడే దారి ఒకటే: బస్సుల్లో ఇరాక్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దుకు, అక్కడి నుంచి అమ్మాన్‌కు, అమ్మాన్ నుంచి బొంబాయికి. 59 రోజుల్లో ఎయిరిండియా 488 సార్లు విమానాలు నడిపింది.

ఇప్పుడు కాగితాల వైపు నుంచి చూడండి. గల్ఫ్‌లో పనివాడి పాస్‌పోర్టు కఫీల్, అంటే యజమాని, తన దగ్గర పెట్టుకోవడం మామూలు. యుద్ధం రాగానే ఎందరో కఫీల్‌లు దేశం వదిలి వెళ్లిపోయారు. పనివాళ్ల చేతిలో ఏమీ లేదు. పాస్‌పోర్టే లేనివాడు ఇరాక్ ఎలా దాటాలి, జోర్డాన్‌లోకి ఎలా పోవాలి? ఇక్కడ వీసా ఫీజు ఎంత అనే ప్రశ్న లేదు. మన రాయబార కార్యాలయం వాళ్లు చేతికి అందిన కాగితాలు ఇచ్చారు. జోర్డాన్ ఆ కాగితాలతోనే మనుషులను దాటనిచ్చింది. సరిహద్దులో ఎండలో, డేరాల్లో రోజుల తరబడి ఉండాల్సి వచ్చింది, నిజమే. కానీ తలుపు మూయలేదు. జోర్డాన్ గొప్ప ధనిక దేశం కాదు, మీద పడ్డ జనం మనవాళ్లు మాత్రమే కాదు. చరిత్రలో 'దాటిపోనివ్వడం' అనే మాటకు నాకు తెలిసి అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. మన పాఠ్యపుస్తకాల్లో అమ్మాన్ పేరు ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

సరే, ఇందాక చెప్తానన్న సందు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మనిషి నేరుగా కువైట్ పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్‌లో నమోదు, కాంట్రాక్టు, అనుమతి, ఇవన్నీ కావాలి. ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లకైతే ముప్పై ఏళ్లు నిండి ఉండాలి. లైసెన్సు లేని ఏజెంటు ఏం చేస్తాడంటే, "ఇవన్నీ ఎందుకక్కా, నీకు దుబాయ్ విజిట్ వీసా తీస్తా. టూరిస్టు లెక్కన పో. ఆడ మా మనిషి వచ్చి కువైట్ ఇమానం ఎక్కిస్తాడు" అంటాడు. దుబాయ్ కావొచ్చు, మస్కట్ కావొచ్చు. కాగితం మీద ఆమె రెండు వారాల టూరిస్టు. నిజానికి అది ఆమె మజిలీ. మన ప్రభుత్వ లెక్కల్లో ఆమె పనికి పోయినట్టే ఉండదు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా, ఆమె ఎక్కడుందో వెతకడానికి కాంట్రాక్టు కాగితం ఒక్కటీ ఉండదు. వీసా సులభంగా దొరికే మజిలీ పర్యాటకుడికి వరమే. మోసగాడికీ అదే వరం.

ఇప్పుడు మనందరికీ గుర్తున్న కాలానికి వస్తాను.

2020 మార్చిలో కువైట్ విమానాశ్రయం మూసేశారు. సెలవుకొచ్చిన మనవాళ్లు రాజంపేటలో, రాయచోటిలో ఉండిపోయారు. ఆగస్టు 1న విమానాశ్రయం తెరుస్తూనే 31 దేశాల నుంచి నేరుగా ఎవరూ రాకూడదన్నారు. ఆ జాబితాలో మన దేశం ఉంది. అయితే ఒక మెలిక: జాబితాలో లేని దేశంలో 14 రోజులుండి, కోవిడ్ పరీక్ష చేయించుకుని వస్తే రానిస్తాం. అలా జాబితాలో లేని, మనకు వీసా దొరికే, విమానం దొరికే చోటు ఏది? దుబాయ్. రెండు వారాల్లో 'పద్నాలుగు రోజుల ప్యాకేజీ' అని ట్రావెల్ ఏజెన్సీల వాళ్ల వాట్సాప్ మెసేజీలు మొదలయ్యాయి. టికెట్, వీసా, హోటల్, పరీక్ష, మళ్లీ టికెట్.

మా చిన్నాయన అలా పోయినవాడే. ఇరవై ఏళ్లుగా కువైట్‌లో డ్రైవరు. అకామా గడువు దగ్గర పడింది, అది అయిపోతే ఉద్యోగం పోతుంది. పొలం కాగితాలు పెట్టి అప్పు తెచ్చి దుబాయ్‌లో దిగాడు. ఒక గదిలో నలుగురు. ఫోన్ చేస్తే, "ఏముందబ్బీ, కిటికీలోంచి రోడ్డు జూచ్చాండాం" అన్నాడు. "దుబాయ్ ఎట్లుంది చిన్నాయనా?" అంటే, "నేను దుబాయ్‌కి రాలేదు, కువైట్‌కి వచ్చినా" అన్నాడు. ట్రాన్సిట్ అనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆయన అదృష్టవంతుడు, పద్నాలుగో రోజు దాటాడు. 2021 ఫిబ్రవరిలో పోయినవాళ్లకు అది కూడా లేదు. ఫిబ్రవరి 3 నుంచి సౌదీ, 7 నుంచి కువైట్ తలుపులు మూశాయి. అప్పటికే దుబాయ్‌లో పది రోజులు, పన్నెండు రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు అక్కడే ఆగిపోయారు. ముందుకు పోలేరు, వెనక్కి రావాలంటే ఇంకో టికెట్ డబ్బు కావాలి. సౌదీ, కువైట్ పోవడానికి ఎమిరేట్స్ మీదుగా రావద్దని అబుదాబిలోని మన రాయబార కార్యాలయం చెప్పాల్సి వచ్చింది. చిక్కుకున్నవాళ్లకు అక్కడి మన సంఘాల వాళ్లు కొందరు అన్నం పెట్టారు, బస చూపించారు. తీర్థయాత్రల కాలంలో దారి పక్కన సత్రాలు చేసిన పని అదే కదా.

అదే మార్చి 25న మన కర్నూలు ఓర్వకల్లులో విమానాశ్రయం ప్రారంభమైంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ రోజు ఇక్కడ రిబ్బన్ కట్ చేస్తుంటే అక్కడ కువైట్ తలుపు ఇంకా మూసే ఉంది. వ్యాక్సిన్ వేసుకున్న విదేశీయులను ఆగస్టు నుంచి రానిచ్చారు, మన దేశం నుంచి నేరుగా విమానాలు సెప్టెంబరులో మొదలయ్యాయి. ఏడాదికి పైగా మనవాళ్లు ఒక దేశంలోకి పోవడానికి ఇంకో దేశానికి అద్దె కట్టారు. కర్నూలు నవాబు హాసిలు దీనితో పోలిస్తే చిల్లరే.

ఇక మీ ప్రశ్నకు జవాబు. విమానాశ్రయం లోపలే ఉండి విమానం మారితే చాలా దేశాలు వీసా అడగవు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 1944లో షికాగోలో కుదిరింది, దానికి అనుబంధంగా వచ్చిన నియమాల ఉద్దేశం కూడా అదే. కానీ అందరూ ఒకేలా లేరు. అమెరికాలో అసలు ట్రాన్సిట్ మినహాయింపే లేదు. వీసా లేకుండా దాటే పథకం ఉండేది, 2003 ఆగస్టులో ఆపేశారు. కేవలం విమానం మారడానికైనా వీసా కావాలి. బ్రిటన్‌లో మన పాస్‌పోర్టుకు లోపల ఉండటానికి కూడా మామూలుగా ట్రాన్సిట్ వీసా అడుగుతారు. అమెరికా వీసా లాంటివి ఉంటే మినహాయింపు.

బయటికి పోయి ఊరు చూడాలంటే: దుబాయ్, అబుదాబిల్లో 48 గంటలకు, 96 గంటలకు ట్రాన్సిట్ వీసాలున్నాయి. మొదటిదానికి ఫీజు లేదు, రెండోది 50 దిర్హాములు. కానీ అక్కడ దిగాక అడిగితే రాదు, ముందే ఎయిర్‌లైన్ ద్వారా తీసుకోవాలి. సౌదీ 2023 జనవరిలో 96 గంటల స్టాపోవర్ వీసా మొదలుపెట్టింది. చైనా 24 గంటల లోపు అయితే దాదాపు అన్ని దేశాల వాళ్లనూ వదులుతుంది. మీరు రీల్స్‌లో చూసే 240 గంటల ఉచిత ట్రాన్సిట్ జాబితాలో మాత్రం మన దేశం లేదు. ఆ రీల్ చేసినవాడి పాస్‌పోర్టు రంగు ఏమిటో ముందు చూడండి.

సింగపూర్ రూల్ నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉంటుంది. మనవాళ్లకు 96 గంటలు వీసా లేకుండా ఇస్తుంది. ఒకటే షరతు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి కొన్ని దేశాల్లో ఏదో ఒకదాని వీసా మీ దగ్గర ఉండాలి, ముందుకు పోయే టికెట్ ఉండాలి. అర్థమైందా? మిమ్మల్ని నమ్మడానికి వాళ్లు మీ మొహం చూడరు, ఇంకో పెద్ద దేశం మిమ్మల్ని అప్పటికే నమ్మిందా అని చూస్తారు. డల్లాస్‌లో చదువుకునే కర్నూలు అబ్బాయికి దొరికే నాలుగు రోజుల సింగపూర్, కువైట్‌లో ఇరవై ఏళ్లు బండి నడిపిన మా చిన్నాయనకు దొరకదు. ఇద్దరి పాస్‌పోర్టూ ఒకటే, మీది సింహాల బొమ్మా ఒకటే.

మనం ఇతరులకు ఏమిస్తున్నాం అని కూడా అడగాలి కదా. మన విమానాశ్రయాల్లో నుంచి బయటికి అడుగు పెట్టాలంటే విదేశీయులకు వీసా కావాలి. ట్రాన్సిట్ వీసా ఉంది గానీ అది ముందే తీసుకోవాలి, మూడు రోజులకు మించి ఉండకూడదు. హైదరాబాద్‌లో పది గంటలు ఆగే థాయ్ కుర్రాడు బిరియానీ తిని చార్మినార్ చూసి పోదామంటే మనమూ రహదారి చీటీ అడుగుతాం.

ఈ రూల్స్ ఎప్పుడైనా మారొచ్చు. కాబట్టి టికెట్ కొనే ముందు ఆయా దేశాల అధికారిక సైట్లో చూడండి. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయో లేదో చూడండి. వేర్వేరు టికెట్లయితే చాలా చోట్ల బ్యాగు కోసమే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అప్పుడు వీసా లేకపోతే మిమ్మల్ని చెన్నైలోనే ఆపేస్తారు. ఇంట్లో అమ్మకో అక్కకో ఎవరైనా "ముందు మస్కట్ దాకా పోండి, తర్వాత మేం చూసుకుంటాం" అని చెప్తుంటే, ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైట్లో ఉందో లేదో మీ ఫోన్‌లోనే రెండు నిమిషాల్లో వెతకండి. వాళ్లకు ఆ సైట్ తెరవడం రాకపోవచ్చు, మీకు వచ్చు.

వీరాస్వామి శ్రీశైలం తర్వాత కృష్ణ ఎలా దాటాడు, నిజాం రాజ్యంలో ఏం చూశాడు అనేది వచ్చే ఎపిసోడ్‌లో. అందులో నీళ్ల కంటే మొసళ్ల గురించే ఎక్కువ మాట్లాడుకుందాం. ఉంటాను.